బయటి గోడ నిలబడాలంటే
ఇందిరమ్మ ఇళ్ల పథకం: పెద్దపల్లి జిల్లా లబ్ధిదారుల అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం



మీలో కొందరి ఇళ్లు బేస్‌మెంట్ దాకా వచ్చాయి. కొందరివి గోడలు లేచాయి. కొందరు స్లాబ్ పోసుకొని సెంట్రింగ్ ఎప్పుడు విప్పుతారా అని చూస్తున్నారు. ఏ దశలో ఉన్నవాళ్లకైనా ఈరోజు చెప్పే విషయం పనికొస్తుంది. విషయం ఒక్కటే, ఇంటి బయటి గోడ. దాన్ని దేనితో కట్టాలి, పైన ఏం పూయాలి, చేతిలో ఉన్న డబ్బుతో ఏది ముందు చేయాలి, ఏది తర్వాత చేసుకున్నా నడుస్తుంది. ఇంతే.

నేను సమాచార శాఖలో పనిచేసేవాణ్ని, ఇంజనీరును కాదు. హౌసింగ్ ఏఈలు సైటు దగ్గర చెప్పే మాటలను, భారతీయ ప్రమాణాల్లో రాసి ఉన్న లెక్కలను మనం మాట్లాడుకునే మాటల్లో పెట్టడం నా పని. మీ ఇంటి నేల, మీ ఇంటి కొలతలను బట్టి ఏదైనా అనుమానం వస్తే మీ ఏఈని అడగండి. ఈ ప్రసంగం పీడీఎఫ్‌గా మీ ఫోన్లకు వస్తుంది. మీరు చదవడమే కాదు, మీ మేస్త్రీకి కూడా చదివి వినిపించండి.

డబ్బు ఎక్కడ ఆగిపోతుంది?

పథకం లెక్క మీకు తెలిసిందే. మొత్తం 5 లక్షలు. బేస్‌మెంట్ అయ్యాక 1 లక్ష, గోడలు స్లాబ్ మట్టానికి వచ్చాక 1.25 లక్షలు, స్లాబ్ పడ్డాక 1.75 లక్షలు, ఇల్లు పూర్తయ్యాక 1 లక్ష. విడతల మీద కొత్త ఉత్తర్వు ఏదైనా వస్తే మీ పంచాయతీ కార్యదర్శి దగ్గర తెలుసుకోండి.

ఇందులో ఒక సంగతి గమనించండి. చివరి లక్ష ఇల్లు పూర్తయ్యాకనే వస్తుంది. అంటే గిలాబు, తలుపులు, కిటికీలు, కరెంటు, బాత్రూం, రంగు, వీటన్నింటికీ ముందు మనమే పెట్టుకోవాలి. అప్పటికే బంగారం కుదువ పెట్టినవాళ్లు ఉంటారు. సంఘంలో లోను తీసుకున్నవాళ్లు ఉంటారు. ఇగ చేతిలో మిగిలిన కొద్ది డబ్బు ఎక్కడికి పోతుంది? ఎదురు గోడకు. నలుగురూ చూసేది అదే కాబట్టి ఎదురు గోడకు టైల్స్ అంటిస్తారు, మంచి రంగు వేస్తారు. పక్క గోడలు, వెనక గోడ ఒట్టి ఇటుకలతో ఉండిపోతాయి. "వచ్చే ఏడు చేసుకుందాం" అంటారు. ఆ వచ్చే ఏడు ఐదేళ్లయినా రాదు.

వాన ఎదురు గోడను చూసుకొని కురవదు. ఈ ప్రసంగంలో మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి: నాలుగు గోడలకూ మామూలు పని, ఒక్క గోడకు సోకు పని కన్నా మేలు.

గోడను పాడుచేసేవి మూడు

ఒకటి, వాన. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల గాలి పడమర, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది. జల్లు ఆ దిక్కు గోడల మీదనే ఎక్కువగా కొడుతుంది. మీ ఇంటి ముఖం తూర్పుకు ఉంటే, వాన దెబ్బ తినేది వెనక గోడ. అందరూ వదిలేసేది కూడా ఆ గోడనే.

రెండు, ఎండ. మన రామగుండం వైపు ఎండాకాలం ఎట్లుంటుందో మీకు నేను చెప్పే పని లేదు. పడమటి గోడ మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా కాలుతుంది, రాత్రి చల్లబడుతుంది. రోజూ వేడికి సాగి, చల్లకు ముడుచుకుంటుంది. గిలాబు బలంగా లేకపోతే సన్నటి పగుళ్లు పడతాయి. ఎండాకాలంలో పడిన పగులులోకి వానాకాలంలో నీళ్లు పోతాయి.

మూడు, కింది నుంచి వచ్చే చెమ్మ. దీపం వత్తి నూనెను పైకి పీల్చినట్టు ఇటుక నేలలోని నీళ్లను పైకి పీల్చుకుంటుంది. ఆ నీళ్లతో పాటు నేలలోని ఉప్పు కూడా వస్తుంది. నీరు ఆరిపోయి ఉప్పు గోడ మీద తెల్లగా మిగులుతుంది. దీన్నే చౌడు పట్టింది అంటాం. అక్కడ రంగు పొక్కుతుంది, గిలాబు రాలుతుంది.

ఏ వస్తువు కొనే ముందైనా, అమ్మేవాడు ఏం చెప్పినా, మీరు అడగాల్సింది ఈ మూడింటి గురించే. వానకు ఎట్లుంటుంది? ఎండకు ఎట్లుంటుంది? చెమ్మకు ఎట్లుంటుంది?

ఏ ఇటుక తీసుకోవాలి?

మన జిల్లాలో రెండు రకాలూ దగ్గరలోనే దొరుకుతాయి. పెద్దపల్లి చుట్టుపక్కల బట్టీల ఎర్ర ఇటుక ఉంది. రామగుండం విద్యుత్ కేంద్రం బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుక ఉంది. రెండింటితోనూ మంచి గోడ కట్టవచ్చు. రెండింట్లోనూ నాసిరకం ఉంటుంది. కాబట్టి "ఎర్రదా, బూడిదదా" అన్న వాదన కన్నా, లారీ దింపే ముందు ఇటుకను పరీక్ష చేసుకోవడం ముఖ్యం.

పరీక్షలు తేలికైనవే. మొదటిది ఎర్ర ఇటుకకు. రెండు ఇటుకలను ఒకదానికొకటి కొట్టండి. బాగా కాలిన ఇటుక ఖంగుమంటుంది. దబ్‌మని మొద్దుగా పలికితే సరిగ్గా కాలలేదని అర్థం. గోరుతో గీస్తే గీత పడకూడదు. మూడడుగుల ఎత్తు నుంచి నేల మీద పడేస్తే ముక్కలు కాకూడదు.

రెండోది నీటి పరీక్ష. ఇది రెండు రకాలకూ పనికొస్తుంది. బాగా ఆరిన ఇటుకను కిరాణా దుకాణం కాంటా మీద తూచండి. ఒక రోజంతా, అంటే 24 గంటలు నీళ్లలో ముంచి ఉంచండి. తీసి, తడి తుడిచి మళ్లీ తూచండి. పెరిగిన బరువు పొడి బరువులో 20 శాతం దాటకూడదు. అంటే 3 కిలోల ఇటుక 3 కిలోల 600 గ్రాములు మించకూడదు. మించితే ఆ ఇటుక గోడలో కూడా అట్లనే నీళ్లు తాగుతుంది.

మూడోది ఉప్పు పరీక్ష. ఒక పళ్లెంలో అంగుళం లోతు నీళ్లు పోసి ఇటుకను నిలబెట్టండి. నీళ్లు ఇంకి, ఆరిపోయాక మళ్లీ పోయండి. రెండోసారి కూడా ఆరాక ఇటుక మీద తెల్లటి పొర ఎంత వచ్చిందో చూడండి. పల్చగా అక్కడక్కడ కనిపిస్తే ఫరవాలేదు. సగం ఇటుక తెల్లబడితే ఆ లోడు వద్దని చెప్పండి.

ఫ్లైయాష్ ఇటుక కొనేటప్పుడు ఇంకో ప్రశ్న అడగాలి: "తయారై ఎన్ని రోజులైంది? ఎన్ని రోజులు నీళ్లు కొట్టారు?" ఈ ఇటుకను బట్టీలో కాల్చరు, నీళ్లతో తడపడం వల్లనే గట్టిపడుతుంది. గిరాకీ ఎక్కువగా ఉన్న రోజుల్లో పచ్చి ఇటుకలనే లోడు చేసేస్తారు. అంచులు చేత్తో రుద్దితే పొడిగా రాలితే అది పచ్చి ఇటుకనే.

సిమెంట్ సాలిడ్ బ్లాకులతో కడితే పని తొందరగా అవుతుంది. కానీ సరిగ్గా తడిసి, తర్వాత బాగా ఆరిన బ్లాకులే వాడాలి. పచ్చి బ్లాకు గోడలో పెట్టాక ముడుచుకుంటుంది. అప్పుడు గోడకు మెట్లు మెట్లుగా పగులు వస్తుంది. తెల్లగా తేలికగా ఉండే ఏఏసీ బ్లాకు ఎర్ర ఇటుక బరువులో దాదాపు మూడో వంతే ఉంటుంది. వేడిని కూడా లోపలికి తక్కువగా రానిస్తుంది. కానీ నీటిని బాగా పీలుస్తుంది. బయటి గిలాబు లేకుండా దాన్ని వానకు వదిలేయకూడదు. గిలాబుకు డబ్బు ఎప్పుడు వస్తుందో తెలియనివాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

కట్టేటప్పుడు తేడా గుర్తుంచుకోండి. ఎర్ర ఇటుకను ముందే నీళ్లలో నానబెట్టాలి. ఫ్లైయాష్ ఇటుకకు పైన నీళ్లు చిలకరిస్తే చాలు. సాలిడ్ బ్లాకును నానబెట్టొద్దు. ఇక గోడ మందం. పడమటి గోడ, నైరుతి వైపు గోడ 9 అంగుళాలు ఉంటే వాన తొందరగా లోపలికి దిగదు. నాలుగున్నర అంగుళాల గోడను బయట గిలాబు లేకుండా వదిలితే ముసురు పట్టినప్పుడు లోపల చెమ్మ దిగుతుంది. ఇటుక కలిసొస్తుందని బయటి గోడ సన్నం చేయొద్దు. మిగిల్చుకోవాలంటే లోపలి అడ్డుగోడ దగ్గర మిగిల్చుకోండి.

గిలాబు: కవచం ఇదే

బయటి గోడకు అసలు కవచం గిలాబు, అంటే ప్లాస్టరింగ్. టైల్ కన్నా, రంగు కన్నా దీనికే డబ్బు ముందు పెట్టాలి.

ముందు ఇసుక. ఇందిరమ్మ లబ్ధిదారులకు ఇసుక ఉచితం, కూపన్ తహసీల్దారు కార్యాలయం నుంచి వస్తుంది. మానేరు ఇసుక అయినా, గోదావరి ఇసుక అయినా మట్టి ఎంత ఉందో చూడాలి. ఒక గాజు సీసాలో సగం దాకా ఇసుక వేసి, నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి బాగా ఊపండి. మూడు గంటలు కదపకుండా పెట్టండి. ఇసుక అడుగున ఉంటుంది, మట్టి పైన పొరగా తేలి కూర్చుంటుంది. ఇసుక పొర పది పాళ్లు అనుకుంటే మట్టి పొర ఒక పాలు కన్నా తక్కువే ఉండాలి. ఎక్కువుంటే కడిగి వాడాలి. గిలాబుకు ఇసుకను జల్లెడ పట్టాల్సిందే. రోబో ఇసుక వాడేవాళ్లు ఒక మాట. క్రషర్ దగ్గర మిగిలే డస్టు వేరు, గిలాబు కోసం తయారుచేసే రోబో ఇసుక వేరు. ధర తక్కువని డస్టు తెచ్చి గోడకు కొడితే పగుళ్లు తప్పవు.

ఇక కలిపే పాళ్లు. బయటి గోడకు రెండు పూతలు మంచిది. కింది పూత ఒక పాలు సిమెంటుకు ఐదు పాళ్ల ఇసుకతో, దాదాపు అర అంగుళం మందం. పై పూత ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ల ఇసుకతో, పావు అంగుళం. రెండూ కలిపి 18 మిల్లీమీటర్లు. కొలత పారతో వద్దు. పార నిండుగా ఒకసారి, సగం ఒకసారి వస్తుంది. ఒక్కటే తట్ట పెట్టుకొని దానితోనే సిమెంటు, దానితోనే ఇసుక కొలవాలి.

"రెండు పూతలంటే సిమెంటు చాలా అయితది సార్" అని మీరు అనొచ్చు. లెక్క వేసి చూద్దాం. 20 అడుగులు పొడవు, 20 అడుగులు వెడల్పు, 400 చదరపు అడుగుల ఇల్లు. చుట్టూ 80 అడుగులు, ఎత్తు 10 అడుగులు. బయటి గోడ మొత్తం 800 చదరపు అడుగులు. అంతటికీ ఇప్పుడు చెప్పిన విధంగా రెండు పూతలు వేస్తే వృథాతో కలిపి సుమారు 10 నుంచి 12 బస్తాల సిమెంటు పడుతుంది. అదే మందానికి ఒకటికి ఆరు పాళ్లతో ఒకే పూత వేస్తే 8 బస్తాల దాకా పడుతుంది. తేడా 3 లేదా 4 బస్తాలు. బస్తా 350 రూపాయలు అనుకుంటే 1,400 రూపాయలు. కూలీ కొంత పెరుగుతుంది, నిజమే. కానీ ఇల్లంతటికీ తేడా ఇంతే. ఊడిపోయిన గిలాబును చెక్కి మళ్లీ కొట్టించాలంటే పరంజా, కూలీ, సిమెంటు అన్నీ మొదటి నుంచి పెట్టుకోవాలి.

సిమెంటు బస్తా మీద తయారైన వారం, నెల ముద్రించి ఉంటుంది. మూడు నెలలు దాటినది కొనొద్దు. గడ్డ కట్టినదాన్ని చితక్కొట్టి వాడొద్దు. నీళ్లు కలిపిన మాలును గంటలోపు వాడేయాలి. అన్నానికి పోయి వచ్చి, గట్టిపడిన మాలులో మళ్లీ నీళ్లు పోసి కలిపితే దానికి పట్టు ఉండదు. ఇది మేస్త్రీ తప్పని మాత్రమే అనలేం. ఒకేసారి పెద్ద కుప్ప కలపమని తొందర పెట్టేది కూడా మనమే.

గిలాబు ఊడకుండా ఉండాలంటే గోడ దాన్ని పట్టుకోవాలి. ఇటుకల మధ్య సందులను మాలు పచ్చిగా ఉన్నప్పుడే అర అంగుళం లోతుకు గీకి పెట్టమని చెప్పండి. ఫ్లైయాష్ ఇటుక నున్నగా ఉంటుంది కాబట్టి దీనికి ఇది మరీ ముఖ్యం. కాంక్రీటు పిల్లర్లకు, బీములకు ఉలితో గాట్లు పెట్టించండి. పిల్లరూ ఇటుకా కలిసే చోట నిలువు పగులు రావడం మీరు చాలా ఇళ్లలో చూసే ఉంటారు. అక్కడ ఒక అడుగు వెడల్పు ఇనుప జాలి, చికెన్ మెష్ అంటారు, సగం పిల్లరు మీదికి, సగం ఇటుక మీదికి వచ్చేలా మేకులతో బిగించి పైన గిలాబు కొట్టాలి. జాలికి అయ్యే ఖర్చు కొద్దిదే. తర్వాత పగులు పూడ్చడానికి అయ్యేది ఎక్కువ.

అన్నింటికన్నా చవకైనది, అన్నింటికన్నా ఎక్కువగా వదిలేసేది నీళ్లు కొట్టుడు. మన ఎండకు 10 రోజులు లెక్క పెట్టుకోండి. రోజుకు ఒకసారి బక్కెట్‌తో విసిరేస్తే సరిపోదు. గోడ ఆరకుండా చూడాలి. ఏప్రిల్, మే నెలల్లో పడమటి గోడకు మధ్యాహ్నం తడి గోనెసంచులు వేలాడదీయండి. ఆ 10 రోజులు మేస్త్రీ వేరే ఊళ్లో పనిలో ఉంటాడు. నీళ్లు కొట్టాల్సింది ఇంటివాళ్లమే. ఉప్పు నీళ్ల బోరు ఉంటే ఆ నీళ్లు వద్దు. తాగడానికి పనికొచ్చే నీళ్లే సిమెంటుకూ పనికొస్తాయి.

రంగు, సున్నం

కొత్త గిలాబు మీద వెంటనే రంగు వేయొద్దు. నీళ్లు కొట్టుడు అయిపోయాక గోడ పూర్తిగా ఆరాలి. ఎమల్షన్ రంగులకైతే గిలాబు చేసినప్పటి నుంచి కనీసం 28 రోజులు ఆగండి. గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తుందని తడి గోడకు రంగు వేస్తే ఆరు నెలలకే బుడగలు లేస్తాయి.

సున్నం అన్నింటికన్నా చవక. కొత్త గోడకు మూడు పూతలు వేయాలి. తెల్లగా ఉంటుంది కాబట్టి ఎండ వేడిని తిప్పికొడుతుంది. వాన బాగా తగిలే గోడకు ఏటా వేసుకోవాల్సి వస్తుంది. డబ్బు చాలనివాళ్లు మొదటి ఏడాది సున్నం వేసుకొని, గోడ బాగా ఆరాక రంగు సంగతి చూసుకోవచ్చు. కానీ సున్నం మీద ఇంకో రంగు వేసే రోజున పాత సున్నాన్ని గీకి తీసేయాలి. లేకపోతే కొత్త రంగు సున్నంతో పాటే పెచ్చులుగా ఊడుతుంది.

సిమెంట్ పెయింట్ మధ్య రకం. పొడిలో నీళ్లు కలిపి వేసేది. వేసే ముందు గోడ తడపాలి, వేశాక కూడా తడపాలి. కలిపినదాన్ని గంటలో వాడేయాలి. ఈ మూడూ చేయకపోతే ముట్టుకుంటే చేతికి అంటుతుంది.

ఎమల్షన్‌లో బయటి గోడల కోసం చేసినది వేరు, లోపలిది వేరు. డబ్బా మీద చదవండి, లేదా పిల్లలతో చదివించండి. లోపల వేసే డిస్టెంపరును బయట వేస్తే రెండు వానలకు దిగిపోతుంది. ఒక పూత ప్రైమరు, రెండు పూతలు రంగు. ముదురు రంగు వేడిని పీల్చుకుంటుంది, ఎండకు వెలిసిపోయింది కూడా తొందరగా తెలుస్తుంది. పడమటి గోడకు లేత రంగే మంచిది.

టైల్స్, రాయి, షీట్లు

ఎలివేషన్ టైల్స్ చూడడానికి బాగుంటాయి. గిలాబు బలంగా ఉండి, వెనక ఎక్కడా బోలు లేకుండా అంటిస్తే నిలుస్తాయి. నాలుగు మూలల్లో ముద్దలు పెట్టి అంటిస్తే వెనక బోలు మిగులుతుంది. అందులోకి నీళ్లు పోతాయి, ఎండకు సాగి ఊడి పడతాయి. గుమ్మం పైన అంటించిన టైల్ ఊడితే కింద నిలబడ్డ పిల్లల మీదే పడుతుంది. అందుకే ఎత్తులో వద్దంటున్నాను.

ఇంకో లెక్క. ఎదురు గోడలో తలుపు, కిటికీలు పోను 150 చదరపు అడుగులు ఉంటుందనుకోండి. టైల్, అంటించే మాలు, కూలీ అన్నీ కలిపి చదరపు అడుగుకు ఎంతవుతుందో మేస్త్రీని అడిగి 150తో గుణించండి. మిగిలిన మూడు గోడల గిలాబుకు ఎంతవుతుందో కూడా అడగండి. రెండు అంకెలూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి చూస్తే ఏం చేయాలో మీకే తెలుస్తుంది. టైల్స్ వేసుకున్నా పథకం డబ్బు పెరగదు.

రాయి పనికొచ్చే చోటు ఒకటుంది, గోడ అడుగు భాగం. చూరు నీళ్లు, వాన నీళ్లు నేల మీద పడి చింది గోడకు తగిలేది కింది రెండడుగులకే. అక్కడ షాబాద్ బండలు గానీ, గ్రానైట్ పనిలో మిగిలిన ముక్కలు గానీ వెనక బోలు లేకుండా అంటిస్తే గోడ చాలాకాలం బాగుంటుంది. తక్కువ రాయి, ఎక్కువ లాభం.

పీవీసీ ప్యానెళ్లు, దుకాణాల ముందు వేసే మెరుపు షీట్ల గురించి కూడా అడుగుతున్నారు. బయట వేసేందుకు కాని పీవీసీ ఎండకు పెళుసుబారుతుంది. పైగా ఆ షీట్ల వెనక చెమ్మ ఉన్నా మనకు కనపడదు. మన ఇళ్లకు వాటి అవసరం లేదు.

నీళ్లకు దారి చూపించాలి

ఎంత మంచి వస్తువు వాడినా గోడ మీద నీళ్లు రోజూ కారితే నిలవదు. కొన్ని చిన్న పనులు ఉన్నాయి. ఇప్పుడైతే వీటికి పెద్ద ఖర్చు లేదు, తర్వాత చేయించుకోవడం కష్టం.

సజ్జ అడుగున, ముందు అంచుకు దగ్గరగా అర అంగుళం గాడి పెట్టించండి. నీళ్లు ఆ గాడి దగ్గర తెగి కింద పడతాయి, గోడ దాకా పాకవు. సజ్జ పై భాగం బయటికి వాలుగా ఉండాలి. కిటికీ కింది గడప కూడా బయటికి వాలాలి. పిట్టగోడ పై భాగం మాత్రం స్లాబ్ వైపుకు వాలాలి, అప్పుడు నల్లటి చారలు బయటి గోడ మీద పడవు. స్లాబ్ మీది నీళ్లకు పైపు పెట్టి నేల దాకా దింపండి. చిన్న గొట్టం పెట్టి వదిలేస్తే గాలికి ఆ నీళ్లు గోడకే కొడతాయి.

ఇంకా బేస్‌మెంట్ దశలో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. బేస్‌మెంట్ పైన, ఇటుక మొదలుపెట్టే ముందు డీపీసీ వేయించండి. అంటే చెమ్మ పైకి రాకుండా వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన ఒకటిన్నర అంగుళాల కాంక్రీటు పట్టీ. గోడ లేచాక దాన్ని మళ్లీ వేయలేం. ఇల్లు అయ్యాక చుట్టూ రెండడుగుల వెడల్పున గచ్చు చేయించి, అడుగుకు అర అంగుళం చొప్పున బయటికి వాలు ఇవ్వండి. గోడకు ఆనించి మట్టి పోయొద్దు, పూల మడి కట్టొద్దు.

డబ్బు చాలకపోతే ఏ వరుసలో?

మొదట డీపీసీ, సజ్జ గాడి, వాన పైపు. రెండోది పడమటి గోడకు, నైరుతి వైపు గోడకు గిలాబు. మూడోది మిగిలిన గోడల గిలాబు. నాలుగోది చుట్టూ గచ్చు. ఐదోది సున్నం గానీ రంగు గానీ. అన్నీ అయ్యాక, ఇంకా చేతిలో ఉంటేనే టైల్స్. గిలాబుకు కొన్ని నెలలు ఆగక తప్పదనుకుంటే, ఇటుకల మధ్య సందులనైనా ఒకటికి మూడు పాళ్ల మాలుతో నింపించండి. దీన్ని పాయింటింగ్ అంటారు. వాన గోడలోకి దిగేది ఎక్కువగా ఆ సందుల్లోంచే. గోడ 9 అంగుళాలది, ఇటుక గట్టిది అయితే పాయింటింగ్‌తో ఒకటి రెండు వానాకాలాలు నెట్టుకురావచ్చు. అయితే తర్వాత గిలాబు చేసేటప్పుడు దాని పట్టు కోసం ఆ గోడకు గాట్లు పెట్టించాలి.

సభలో అడిగిన ప్రశ్నలు

ప్రశ్న: మేస్త్రీకి మొత్తం గుత్తకు ఇచ్చినం. మేం చెప్తే వింటడా?

జవాబు: గుత్త మాట్లాడే రోజే చెప్పాలి అక్కా. బయట రెండు పూతలు, పాళ్లు ఇంత, పిల్లర్ల దగ్గర జాలి, సజ్జకు గాడి, ఈ నాలుగు మాటలూ కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి. ఇప్పటికే గుత్త అయిపోతే, పెరిగే బస్తాలు మేం ఇస్తామని చెప్పి పని అడగండి. చాలామంది మేస్త్రీలకు మంచి పని చేయడం వచ్చు. ఇచ్చిన రేటుకు తగ్గట్టు చేస్తుంటారు.

ప్రశ్న: ఇల్లు కొంచెం పెద్దగా కట్టుకొని గిలాబు తర్వాత చేసుకుంటే?

జవాబు: పథకం కొలత 400 నుంచి 600 చదరపు అడుగులు. పెద్దగా కడితే బిల్లు దగ్గర ఇబ్బంది వస్తుంది, గిలాబు కొట్టాల్సిన గోడ కూడా పెరుగుతుంది. కట్టగలిగినంత కట్టి, కట్టినదాన్ని పూర్తి చేసుకోవడం మంచిది.

ప్రశ్న: పాత మట్టి గోడ ఒకటి ఆనుకొని ఉంది. దాని మీద సిమెంటు గిలాబు కొట్టొచ్చా?

జవాబు: మట్టి గోడకు సిమెంటు పట్టదు పెద్దాయనా. లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి, పలకలు పలకలుగా ఊడుతుంది. మట్టి గోడకు మట్టి పూతే వేసి, పైన సున్నం కొట్టుకోవాలి. కొత్త ఇంటి గోడకు మాత్రం దాన్ని ఆనించొద్దు.

ప్రశ్న: గిలాబు మంచిగ పడ్డదో లేదో మాకెట్ల తెలుస్తది?

జవాబు: బాగా ఆరాక ఒక రూపాయి బిళ్లతో గోడను అక్కడక్కడ తట్టుకుంటూ పోండి. గట్టిగా పలికితే పట్టు ఉంది. డొల్లగా పలికితే అక్కడ ఊడడానికి సిద్ధంగా ఉంది. ఆ చోటును సుద్దతో గుర్తు పెట్టి, మేస్త్రీకి చివరి కూలీ ఇచ్చే ముందే సరిచేయించుకోండి. రంగు పడ్డాక అయితే ఎవరూ ఒప్పుకోరు.

అక్కలారా, ఈ ఇల్లు మీ పేరు మీద వచ్చింది. రేపు ఇటుక లారీ వచ్చినప్పుడు, ముందు నాలుగు ఇటుకలు తీసి కొట్టి చూడండి. తర్వాతే దింపమనండి. ఈ పీడీఎఫ్‌ను మీ ఊళ్లో ఇల్లు కడుతున్న ఇంకో నలుగురికి పంపించండి.